ట్యాంకు ఎక్కిన తమ్ముడికి

ఓబులేసూ, పటాలంలో నా పక్కన కంచర గాడిదలను తోలకుండా ట్యాంకు నడపడానికి పోయినావు. ఆ కోపం నాకింకా తగ్గలేదు. సరిహద్దు పోరులో ఆ ట్యాంకులోనే కాలిపోయినావు. ఇన్నేండ్లూ నేను మనం పుట్టకముందు ట్యాంకును పుట్టించిన మొదటి ప్రపంచ యుద్ధాన్నే తిట్టుకున్నాను. అది రాకపోయుంటే పటాలం ఇంకా గాడిదల వెంటే నడిచేది, నువ్వు నాతోనే ఉండేవాడివి అనుకున్నాను. బతికున్నప్పుడు నువ్వేమో ఆ మాటకు నవ్వేవాడివి. "యుద్ధం లేకున్నా ఇంజను వస్తాదిన్నా. ముందు సేద్యానికి వస్తాది, ఆమీదట పటాలానికి పోతాది" అనేవాడివి.

నిన్న మన మిరప చేనికి మందు కొట్టడానికి డోన్ ఊరి నుంచి ఒక ఆడపిల్ల డ్రోను తెచ్చింది. అది చేని మీద తిరుగుతుంటే గట్టున నిలబడి అడిగాను.

"ఇది ఏ యుద్ధానికి చేసిందమ్మా?"

"యుద్ధమేంది తాతా! సేద్యానికే చేసినారు. ఇప్పుడు ఇట్లాంటివే కొండల్లో సైన్యానికి మూటలు మోస్తాండాయి. గాడిదలకు ఇంక శానా పని ఉండదు."

యుద్ధం రాకున్నా ఇంజను వచ్చేదే. నువ్వు దాన్ని ఎక్కేవాడివే. నేను ఎంత అడ్డం పడినా ఆగేవాడివి కాదు.

మరి ఇంక నేనెవరిని తిట్టుకోవాల? పెద్దల అమావాస్యకు నీకు విస్తరి వేస్తాను. ఆ పొద్దుకల్లా జవాబు చెప్పు.