పండిన స్పీకర్లు

బావగారికి,

దర్జీ పని చేసుకు బతికే మీ బావమరిది నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం కులాసా. అక్కా మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు దయతో ఇచ్చిన పాత స్టీరియో ఆంప్లిఫయరు చేరింది. మోసుకొచ్చినవాడు నడుం పట్టుకుని, ఇందులో ఇనుము తప్ప ఇంకేమైనా ఉందా అని అడిగి వెళ్లాడు. గుడ్డలు కత్తిరించే బల్ల చివర పెట్టి, ఆ వెండిరంగు మీటలన్నీ మెత్తటి గుడ్డతో తుడిచాను. మీట నొక్కగానే లోపల పసుపు దీపం వెలిగింది. దీపమైతే వెలిగింది గానీ బావగారూ, పాట రాలేదు. దీనికి స్పీకర్లు వేరే కొనుక్కోవాలట కదా! ఆ ముక్క మీరు ముందే చెప్పుంటే ఆ రోజంతా దాని చుట్టూ ప్రదక్షిణలు చేసేవాణ్ణి కాదు.

నా అవసరం మీకు తెలిసిందే. ఎదురుగా రెడీమేడ్ బట్టల కొట్టు తెరిచారు. పొద్దస్తమానం పాటల మోత. నాకు కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు గుమ్మంలో నిలబడి, అటు చూసి, అటే పోతున్నారు. నా కొట్లోనూ ఓ మంచి పాట మోగితే నలుగురు కూర్చుంటారని ఆశ. చవగ్గా ఏ స్పీకర్లు కొనమంటారు?

ఇట్లు,
మీ బావమరిది

తా.క. అక్క మోకాలి నొప్పి ఎలా ఉంది? పళ్ల డాక్టరు ఇంట్లో మోకాలి మొర వినేవాళ్లు ఉండరని తెలుసు. అయినా అడుగుతున్నాను.

*

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీర్వదించి రాయునది. నీ ఉత్తరంలో ‘చవగ్గా’ అన్న మాట కనపడగానే మడిచి పక్కన పడేశాను. మీ అక్క తీసి మళ్లీ నా చేతిలో పెట్టింది. ఈ జవాబు ఆవిడ పుణ్యం.

ఒరేయ్, అది ఆంప్లిఫయరు అనుకున్నావా, ఇస్త్రీ పెట్టె అనుకున్నావా? నేను కొత్తది కొన్నాను కాబట్టి నీకిచ్చాను గానీ, పనికిరాక ఇవ్వలేదు. దాని బలం తక్కువ, రుచి ఎక్కువ. కొద్ది బలంతోనే నోరు విప్పి పాడే స్పీకర్లు దానికి కావాలి. స్పీకర్ల వెనక, కరెంటుకు అవి పెట్టే అడ్డు ఎనిమిది ఓములు అని రాసి ఉందో లేదో చూసుకో. అంతకన్నా తక్కువైతే పాపం ఆంప్లిఫయరు వేడెక్కి చస్తుంది. స్పీకర్లు చెవి ఎత్తున ఉండాలి. కొనగానే బాగా పాడవు. మామిడికాయల్లా వాటినీ కొన్నాళ్లు ముగ్గెయ్యాలి, అంటే వదలకుండా మోగించాలి. అప్పుడు గానీ పండవు.

మొదటే చెప్తున్నాను, దానికి తగని స్పీకర్లు కట్టావని తెలిసిందో, వచ్చి పట్టుకుపోతాను. గాడిదకేం తెలుసు గంధపు చెక్క వాసన అని జనం నవ్వేలా చెయ్యకు.

ఇట్లు,
మీ బావ

తా.క. మోకాలికి ముప్ఫై రెండు పళ్లుంటే నేనే చూసేవాణ్ణి.

*

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ మాట పొల్లుపోకుండా పాటించాను. మూరెడెత్తు స్పీకర్లు కొన్నాను. పాట మోగుతుంటే ఎర్రవీ నీలివీ దీపాలు వెలుగుతాయి. వెనక నాలుగు ఓములే రాసుంది గానీ, కంగారు పడకండి. స్పీకర్లు రెండు కదా, నాలుగూ నాలుగూ ఎనిమిది. లెక్క సరిపోయింది.

ఇక చెవి ఎత్తు. ఎవరి చెవో మీరు రాయలేదు. కత్తిరించేటప్పుడు నేను నిలబడతాను, గుండీలు కుట్టేటప్పుడు ముక్కాలిపీట మీద కూర్చుంటాను. అందుకని ఒకటి నిలబడ్డ చెవికీ, ఒకటి కూర్చున్న చెవికీ సరిపడా గోడకు బిగించాను. పాట ఏటవాలుగా వస్తోంది.

ఒక్కటే ఇబ్బంది. కాసేపు మోగేసరికి ఆంప్లిఫయరు చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. కాలర్లు దాని మీదే ఇస్త్రీ చేసేస్తున్నాను. ఇది కూడా ముగ్గెయ్యడంలో భాగమేనా?

మీ విధేయుడు,
బావమరిది

తా.క. ఆ రంగు దీపాలు చూసి ఎదుటి కొట్టువాడు, మీరు బట్టలు కుట్టడం మానేసి సర్కసు పెట్టారా అని అడిగాడు. మొదటిసారి నన్ను చూసి కుళ్లుకున్నాడు బావగారూ!

*

బావమరిదికి,

ఆశీర్వాదం పెట్టడానికి చెయ్యి రావడం లేదు. పెట్టాననుకో.

నాలుగూ నాలుగూ ఎనిమిదా? అడ్డగాడిదా! నీ దగ్గర చొక్కా కుట్టించుకున్నవాడికి చెరో పక్కా సగం చెయ్యి కుట్టి, రెండూ కలిపితే ఒక నిండు చెయ్యి, లెక్క సరిపోయింది అంటావా? ఒక్కొక్క స్పీకరూ ఎనిమిది ఓములుండాలి. వెంటనే ఆ సర్కసు దీపాలు పీకి ఎవడు అమ్మాడో వాడి మొహాన కొట్టిరా. చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఎందుకలా కొరుకుతున్నావని అడిగాడట. వాడు నయం, శంఖం మీద కాలర్లు ఇస్త్రీ చెయ్యలేదు.

కూర్చున్న చెవి! నలభై ఏళ్లుగా నోళ్లు చూస్తున్నాను గానీ, ఇలాంటి మాట ఏ నోట్లోంచీ ఊడిపడగా చూడలేదు.

ఇట్లు,
బావ

తా.క. నీ ఉత్తరం చదివి మీ అక్క నవ్వింది. నేను నవ్వలేదు.

*

బావగారికి,

నమస్కారాలు. ఆ దీపాల స్పీకర్లు తిరిగి ఇచ్చేశాను. ఇప్పుడు నేను రాసేది కాస్త కూర్చుని చదవండి.

మా వీధి చివర నాట్యం నేర్పే బడి మూసేశారు. అక్కడి సామాన్లలో చెక్క పెట్టెల్లాంటి పాత స్పీకర్లు దొరికాయి, కారు చవగ్గా! ఒక్కొక్కటీ ఎనిమిది ఓములే, అద్దాలు పెట్టుకుని మరీ చూశాను. పిల్లల కాళ్లు తగిలి ముందున్న గుడ్డ చిరిగిపోతే, అది తీసి పారేశాను. రెండింటినీ ఒకే ఎత్తున, కూర్చునేవాళ్ల చెవులకు సరిగ్గా పెట్టాను.

ఏం చెప్పమంటారు! మీట కాస్త తిప్పేసరికి కొట్టంతా పాటే. వయొలిన్ తీగ మీద కమాను గీసుకోవడం వినిపిస్తోంది. పాడే ఆవిడ చరణానికి ముందు ఊపిరి పీల్చుకోవడం కూడా వినిపిస్తోంది. కత్తెర చేతిలో పట్టుకుని అలా నిలబడిపోయాను. నిన్న ముగ్గురు కొలతలిచ్చి కూడా వెళ్లలేదు, బెంచీ మీద కూర్చుండిపోయారు. వాళ్లను చూసి ఇంకో ఇద్దరు వచ్చారు. ఇన్నాళ్లకు కొట్టు కళకళలాడుతోంది. అదంతా మీ చలవే.

మీ రుణం తీర్చుకోలేని,
బావమరిది

తా.క. ప్యాంటు ఆలస్యమైందని రోజూ నన్ను తిట్టిపోసే పోస్టుమాస్టరుగారు నిన్న వచ్చి, తొందరేం లేదు, ఇంకో రెండు పాటలయ్యాక ఇవ్వు అన్నారు.

*

బావమరిదికి,

చదివాను. మీ అక్క కూర్చోబెట్టి మరీ చదివించింది.

ఊపిరి వినపడుతోందా? నా కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్న ప్రతివాడి ఊపిరీ నాకు వినిపిస్తుంది. దాని కోసం ఎవడూ టిక్కెట్టు కొనడు. నువ్వు మురిసిపోతున్నది సంగీతం కాదురా, కరుకుదనం. మంచి ధ్వని చెవిలో సూదిలా గుచ్చుకోదు. సూదులతో బతికేవాడివి, నీకు గుచ్చుకుంటేనే బాగుంటుందేమో!

నా స్పీకర్ల సంగతి విను. కొత్తలో అవీ ఇలాగే అరిచేవి. మీ అక్క చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెత్తేది. ఓపిక పట్టు, పండుతాయి అన్నాను. నిరుడు వేసవిలో ఒక సాయంత్రం క్లినిక్ నుంచి వచ్చి పెడితే, అమాంతం పండిపోయి ఉన్నాయి! అప్పటి నుంచీ మీగడే. పక్క గదిలో ఎవరో మనసులో పాడుకుంటున్నట్టు వస్తుంది పాట. రిటైరైన జడ్జిగారు ప్రతి శుక్రవారం వచ్చి కూర్చుని కళ్లు తుడుచుకుంటారు. చెవి అంటే అదీ.

పిల్లలు తన్నిన పెట్టెలకు నా ఆంప్లిఫయరు కట్టి ఉందంటే నాకు అన్నం సయించడం లేదు. ఆదివారం వస్తున్నాను. పట్టుకుపోతాను. ముందే చెప్పాను కాబట్టి ఏడవకు.

ఇట్లు,
బావ

తా.క. మోసేవాణ్ణి నువ్వే చూసిపెట్టు. నాకు నడుం నొప్పి.

*

బావగారికి,

దండం పెట్టి రాస్తున్నాను. తీసుకెళ్లకండి.

సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఆ బెంచీ ఖాళీ అయితే నా కొట్టు మూతే. మీకది అటక మీద పడేసే పాత సామాను. నాకు రేపటి పని. మీరు తిట్టారు, పడ్డాను. గాడిద అన్నారు, గంధం అన్నారు, ఓర్చుకున్నాను. కానీ నా పాటను కరుకు అన్నారే, అది మాత్రం ఒప్పుకోను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పళ్లు తొలిచే మిషను చెవి పక్కన గుయ్యిమంటుంటే, ఆ తర్వాత ఏది విన్నా మీగడే అవుతుంది లెండి.

ఆదివారం బయల్దేరే ముందు ఒక్క పని చెయ్యండి. మీ స్పీకర్ల ముందున్న గుడ్డ చట్రం పట్టుకుని లాగండి, ఊడొస్తుంది. వెనక చూడండి. ఇంకేమీ రాయను, అక్కకు మాటిచ్చాను. చూసినాక కూడా ఆంప్లిఫయరు కావాలనిపిస్తే, మీరు రానక్కర్లేదు. నేనే నెత్తిన పెట్టుకుని తెస్తాను.

ఇట్లు,
దర్జీ

తా.క. చట్రం ఊడదీసేటప్పుడు అక్కను ఏ పక్కింటికో పంపండి. ఆవిడ నవ్వడం మొదలెడితే ఆపడం మీ తరం కాదు.

*

బావమరిదికి,

మీ బావ రాయునది.

చట్రం తీశాను. వెనక చలికోటుకు వేసే మందపాటి లైనింగు, దాని వెనక రెండు మడతల కంబళి, అంచులు చుట్టి, మూలలు మడిచి, చట్రానికి బిగించి కుట్టి ఉన్నాయి. ఆ కుట్టు ఎవరిదో నాకు తెలియదా? నా కోట్లన్నీ అదే చెయ్యి.

మీ అక్కను పిలిచి అడిగాను. పక్కింటికి పంపమన్నావు, నీ మాట వినాల్సింది. నవ్వి నవ్వి, కొంగుతో కళ్లు తుడుచుకుని చెప్పింది. “మీ మోత పడలేక, మీరు క్లినిక్‌లో ఉన్నప్పుడు తమ్ముడిచేత కుట్టించాను. ఆ సాయంత్రమే చెబుదామనుకున్నాను. మీరు పండాయి పండాయి అని ఒకటే గంతులు. శుక్రవారం జడ్జిగారు కూడా కళ్లు తుడుచుకునేసరికి ఇంక నోరు రాలేదు” అంది.

సరే, నిజమైన ధ్వని ఏమిటో తేల్చేద్దామని కంబళి పీకేశాను. శుక్రవారం జడ్జిగారు వచ్చి కూర్చున్నారు. ఒక పాట విన్నారు. “డాక్టరుగారూ, మీ స్పీకర్లు పాడైపోయాయండీ” అన్నారు.

ఇది నువ్వూ నేనూ తప్ప మూడో మనిషికి తెలియకూడదు. నాకూ అలాగే అనిపించింది.

కంబళి మళ్లీ పెట్టాను. పిన్నీసులతో బిగిస్తే అవి గలగలమంటున్నాయి. నా దగ్గరున్న సూదులు చిగుళ్లకే గానీ చట్రాలకు పనికిరావు. ఆదివారం నేను రావడం లేదు. నువ్వే దారం, సూది పట్టుకుని రా. ఆంప్లిఫయరు నీ దగ్గరే ఉండనీ, ఇంక దాని మాట ఎత్తను.

ఇట్లు,
మీ బావ

తా.క. కంబళి కాస్త ఎక్కువ తీసుకురా. జడ్జిగారి స్పీకర్లు ఎన్నేళ్లయినా పండటం లేదట. ఆయన లేనప్పుడు వచ్చి కుట్టిపొమ్మని వాళ్లావిడ మీ అక్కను అడిగింది.