అడుగున పెట్టిన కుట్టుమిషన్లు

అక్కకు,

ఇక్కడ నేను క్షేమం. నీ ఆరు కుట్టుమిషన్లూ క్షేమం. ఓడ మంగళవారం మీ రేవుకు వస్తుంది. మిషన్లు అందులోనే ఉంటాయి. కానీ దిగవు.

తప్పు నాదే. పైవరసలో ఉంటే ఉప్పుగాలికి తుప్పు పడతాయని, "మా అక్క సామాను బాబూ, అన్నిటికన్నా అడుగున పెట్టు" అని క్రేన్ నడిపే అతనికి చెప్పి దగ్గరుండి పెట్టించాను. ముందు దిగాల్సిన పెట్టెను చివర ఎక్కించాలని కొత్తవాళ్లకు ఇరవై రెండేళ్లుగా నేర్పేది నేనే. ఓడ మొదట ఆగేది మీ రేవులోనే. నీ పెట్టె మీద ఇప్పుడు అవతలి రేవులకు వెళ్లే పెట్టెలు ఏడు ఉన్నాయి. బయలుదేరే ముందు చూసుకుని, వాటిని దించి మళ్లీ సర్దుదామని కెప్టెన్‌ను బతిమాలాను. "మీ అక్క కోసం ఓడ ఆపమంటారా?" అన్నాడు. తిరుగు ప్రయాణంలో దిగుతాయి. నెల పడుతుంది.

గురువారం నువ్వు కొట్టు తెరుస్తున్నావని తెలుసు. బడిపిల్లల యూనిఫారాలు ఒప్పుకున్నావనీ తెలుసు. ఎవరినైనా ఒక మిషన్ అడిగి చూడు. బావగారు లారీలో వేద్దామంటే, "రేవులో నేనుండగా లారీ ఎందుకు" అన్నది కూడా నేనే. ఓడ ఆలస్యమైందని మాత్రం ఆయనకు చెప్పకు. మీ కిటికీలోంచి కనబడుతుంది.

ఆ ఓడలో పరాయివాళ్ల పెట్టెలు నాలుగు వందలున్నాయి. అన్నీ దిగాల్సిన చోటే దిగుతాయి. ఇకమీదట నీ సామాను కూడా పరాయివాళ్లదే అనుకుని చూసుకుంటానని మాటిస్తున్నాను.

నీ తమ్ముడు