శనివారం ఒక్కపొద్దులు

ప్రొద్దుటూరు,
సోమవారం.

పద్మకు, నీ రాఘవ ప్రేమతో రాసేది. ఇక్కడ అమ్మ, నేను, పృథ్వీ ముగ్గురమూ క్షేమం. అక్కడ పరదేశంలో, లిమరిక్‌లో చదువుకుంటున్న నువ్వూ, నీ గదిలో ఉండే నందిని, షాహిస్తాలూ అలాగే ఉన్నారని తలుస్తాను. ఫోనులో మాట్లాడితే అమ్మ పక్కనే కూర్చుని వింటుంది. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

అడిగినవాటికి ముందు జవాబులు. పృథ్వీగాడి ముందు పన్ను ఊడింది. దాన్ని ఇంటి కప్పు మీదికి వాడే విసిరాడు. మన చీరల అంగట్లో పెళ్లిళ్ల బేరం బాగుంది. నీ సెలవుల ఫోటోలు అందాయి. సముద్రం పక్క కొండ అంచున చెప్పులు చేతబట్టుకుని నవ్వుతున్న ఫోటో ఉందే, దాన్ని ఎన్నిసార్లు చూశానో! నలుగురిలో నోరెత్తని మనిషివి, తెలియని దేశంలో బస్సులు మారి, దారులు కనుక్కుని, స్నేహితులతో వారం వారం ఒక ఊరు చూసొస్తున్నావు. అబ్బ, నా పెళ్లామేనా అనిపించింది.

"అత్తమ్మకు తెలుసా? తెలిస్తే ఏమనుకుంటుందో! బిడ్డను వదిలొచ్చి తిరుగుతున్నానని బాధగా ఉంది. ఈ శనివారం డింగిల్ ప్రయాణం మానుకుంటాను" అని రాశావు. దానికి జవాబు చెప్పాలంటే ముందు నా ఘనకార్యం ఒకటి చెప్పాలి.

నీ మొదటి ప్రయాణమప్పుడు, "పద్మ ఫోనెత్తలేదే, యాడికి పోయిందిరా?" అని అమ్మ అడిగింది. "కాలేజీ పని మీద వేరే ఊరికి పోయిందిమా" అన్నాను. తర్వాతి శనివారమూ అదే మాట చెప్పాను. "సెలవుల్లో గూడా పనేందిరా, పాపం!" అని అమ్మ నొచ్చుకుంది.

మొన్న శనివారం మధ్యాహ్నం అంగట్లో చీరలు మడతపెడుతూ అమ్మ తూలి పడబోయింది. మనకు జాకెట్లు కుట్టే ఎదురంగడి గుల్జార్‌బీ పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. "ఏందక్కా, అన్నం తిన్యావా లేదా?" అని గద్దిస్తే అప్పుడు బయటపడింది.

"పద్మకు వారానికి ఒగ దినమన్నా తెరిపి దొరకాలని ఎంకటరమణసామికి మొక్కుకున్న్యా. శనివారాలు ఒక్కపొద్దు ఉంటాండా."

షుగరు మనిషి, నా అబద్ధానికి పస్తుండింది! నాకు తల తీసేసినట్టయింది. అక్కడే అంతా చెప్పేశాను. "థూ, నీ నోట్లో మన్నుపడ!" అంది. తర్వాత అద్దాలు పెట్టుకుని ఫోటోలన్నీ చూసింది. నీ నవ్వు దగ్గర ఆగింది. "ఈ పిల్ల ఇట్ల నవ్వుతుందా? మనింట్లో ఎప్పుడూ సూడ్లేదే!"

పద్మా, నీకొక్కదానికే నిజం చెబుతున్నాను. అమ్మకు భయపడి నేను అబద్ధమాడలేదు. పోతున్నానని నువ్వు చెప్పినప్పటి సంబరం చూసి నాకే కుళ్లు పుట్టింది, నేను లేని చోట అంత సంతోషమా అని. పెళ్లాం ఊళ్లు తిరుగుతోందని చెప్పుకోడానికి నామోషీ పడ్డాను. ఇప్పుడు అంగడికొచ్చిన వాళ్లందరికీ ఆ ఫోటోలు నేనే చూపిస్తున్నాను.

నిన్న ఆదివారం అమ్మ గండికోటకు బయలుదేరింది. జమ్మలమడుగులో పుట్టి కూడా పక్కనే ఉన్న ఆ కోటను ఇన్నేళ్లూ చూడలేదట. "స్నేహితులతోనే పోతారంట కదా" అని గుల్జార్‌బీని, పక్కింటి వసంతమ్మను నేను తోలే కారెక్కించింది. అక్కడికి పోయినాక, "నువ్వు కారు కాడ్నే ఉండు. మా మధ్యలో నువ్వెందుకు?" అని నన్ను ఆపేసింది. ముగ్గురూ ఎర్రబండల మీద కూర్చుని, లోయలో పెన్నను చూస్తూ చిత్రాన్నం తిన్నారు. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేనూ మొదటిసారి విన్నాను.

తిరిగొచ్చేటప్పుడు, నువ్వు డింగిల్ మానుకుంటున్నావని చెప్పాను. అమ్మకు ఎక్కడలేని కోపమొచ్చింది.

"ఆ పిల్లకు తెరిపి కావాలనే కదరా నేను మొక్కింది! సామి ఇచ్చినాడు. ఇప్పుడు పోకుండా గదిలో కూసుంటే నా ఒక్కపొద్దులన్నీ బూడిదలో పోసిన పన్నీరేనా? పొమ్మని రాయి. ఈ శనివారం నేను కడుపు నిండా తిని, ఫోటోల కోసం ఎదురు సూస్తాంటానని రాయి."

రాశాను. పోయిరా.

ఇట్లు,
అమ్మా వాళ్ల కారు డ్రైవరు, నీ భర్త
రాఘవేంద్రప్రసాద్