ఇషీమ్ రొట్టె తిన్న రోజు

నవంబరు 2009, ఆదివారం రాత్రి

పొద్దున్నుంచీ టీవీలో అదే గోల. మాయన్ల లెక్క ప్రకారం 2012లో లోకం అంతమట. నాయన నవ్వేశాడు. "ఈడ వానకే దిక్కులేదు, ప్రళయం యాడినుంచి వస్తాదప్పా!"

నాకు నవ్వు రాలేదు. సాయంత్రం చేలోకి వెళ్లి ఇషీమ్‌నే అడిగాను. మాయన్ల మొక్కజొన్న దేవుడి కొడుకు, రెండేళ్లుగా నాకొక్కదానికే కనిపిస్తున్నవాడు. నాతో మాట్లాడి మాట్లాడి మా యాసే పట్టుబడింది.

"లోకం పోయినా నేను పోను. నువ్వు పోతావు," అన్నాడు. నా సద్దిమూట వైపు చూసి, "మొక్కజొన్న రొట్టె ఉండాదా?" అన్నాడు.

ఎందుకడిగాడో నాకర్థమైంది. వాళ్ల దేవతలు మనిషిని చేసింది మొక్కజొన్న పిండితోనేనట. ఆ రొట్టె తింటే తనూ మనిషవుతాడు, మనిషిలాగే చనిపోతాడు. వద్దన్నాను. వినకుండా నా సద్దిమూట విప్పి తినేశాడు.

అప్పుడే గట్టు మీదికొచ్చిన నాయన సూటిగా అతణ్ణే చూశాడు. "ఎవురప్పా నువ్వు? వట్టి రొట్టె తింటాండావే, ఊరుబిండి ఏసుకో."

ఇక అతనికీ జ్వరాలొస్తాయి, ముసలితనమొస్తుంది. నిజంగానే ఆ 2012... ఏమో. వాళ్ల దేవుళ్లకూ మా దేవుళ్లకూ ఈ రాత్రికి దండం పెట్టుకున్నాను. వసారాలో నాయన మంచం పక్కన ఇషీమ్ గురక పెడుతున్నాడు.