పేపరు చదివే గొంతు

ఏలూరు,
14 నవంబరు 2025.

చిరంజీవి ఇందుజకు నాయనమ్మ ఆశీస్సులు.

అందరం కుశలమని మొదట రాయడం మర్యాద కనుక రాస్తున్నాను. అసలు వివరం కింద ఉంది. తాడేపల్లిగూడెం హాస్టల్లో నడుస్తూ కాక, కూర్చుని చదువు.

విజయవాడలో నా ఆపరేషన్ అయింది. కుట్లు ఆరాయి. అమ్మ నీకు ఫోనులో అరకొరగా చెప్పిందట, నేను పూర్తిగా చెబుతాను. థైరాయిడ్ గ్రంథిలో ఉన్న క్యాన్సర్ గడ్డ సెనగగింజంత కూడా లేదు. అంత చిన్నదైతే సగం గ్రంథి తీస్తే చాలునట. కొందరికి తీయకుండా కనిపెట్టి చూస్తారట కూడా. కానీ నా మెడ కుడిపక్క బిళ్ళలు కట్టాయి. సూది పరీక్షలో జబ్బు వాటిలోకీ పాకినట్టు తేలింది. అందుకని గ్రంథి మొత్తం, దాన్ని ఆనుకుని ఉన్న బిళ్ళలు, కుడి మెడలోవి, అన్నీ ఒకేసారి తీయాలన్నారు డాక్టరుగారు. ఎడమపక్క శుభ్రంగా ఉంది, కదిలించనక్కర్లేదన్నారు.

గొంతు సంగతి నేనే అడిగాను. స్వరానికి సంబంధించిన నరం ఆ బిళ్ళల పక్కనుంచే పోతుందని, కాపాడటానికే చూస్తామని, జబ్బు దాన్ని పట్టుకుని ఉంటే మాత్రం హామీ ఇవ్వలేమని ఆయన చెప్పారు.

నాకు ఆపరేషన్ ఇష్టం లేకపోయింది. తాతయ్యకు చూపు పోయినప్పటినుంచి పొద్దున్నే పేపరు చదివి వినిపించేది నేనే కదా. ఆయనకు చెవులూ మందమే. బళ్ళో పనిచేసే రోజుల్లో వెనక బెంచీ పిల్లలకు పాఠం చెప్పినట్టు చదివితే గాని అందదు. కొల్లేటి ఆక్రమణల వార్త వస్తే, మన ఊరి పేరు ఉందేమోనని రెండుసార్లు చదివించుకుంటారు. అందుకే కొన్నాళ్ళు ఆగుదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. డాక్టరుగారి ముందే అన్నారు:

"పేపరుదేముంది టీచరుగారూ, ఎవరైనా చదువుతారు. నువ్వుండాలి."

సంతకం పెట్టాను. లోపలికి తీసుకెళ్ళే ముందు మెడలో సూత్రాలు తీసెయ్యమన్నారు. తాతయ్య వాటిని గుప్పిట్లో పట్టుకుని వరండాలో కూర్చున్నారట, మీ నాన్న అడిగినా ఇవ్వలేదట. ఇంటికొచ్చాక, మెడ ఇంకా పచ్చిగా ఉందని, పసుపుతాడుకి గుచ్చి నా మణికట్టుకి కట్టారు. ఇప్పుడు అవి చేతికి తగిలితే పక్కనున్నది నేనని తెలుసుకుంటారు.

ఇంకో సంగతి. ఇంటికొచ్చినప్పటినుంచి నేను తాతయ్యతో మాట్లాడటం లేదు. ఎందుకని నువ్వు అమ్మను అడిగావట. అది మా ఇద్దరి మధ్య విషయం. నాకు కోపం వస్తే నోరు మూసుకుంటానని ఇంటిల్లిపాదికీ తెలుసు. వరి పొలాన్ని తాతయ్య నాతో చెప్పకుండా చేపల చెరువుకి లీజుకిచ్చినప్పుడు నేను ఎలా ఉన్నానో మీ నాన్న ఇప్పటికీ కథలా చెబుతాడు. పాపం తాతయ్య రోజుకో నేరం ఒప్పుకుంటున్నారు. మొన్న, ద్వారకా తిరుమలలో నా చెప్పులు పోయింది తన మూలానే అన్నారు. నిన్న, షుగరు పెట్టుకుని దొంగచాటుగా పూతరేకులు తిన్నానన్నారు. భయం వేస్తే ఆయన నాకు కూడా 'అండీ' తగిలిస్తారు. ఇవాళ, "ఏవండీ, తప్పేవిటో చెబితే దిద్దుకుంటాను కదండీ" అన్నారు. మజ్జిగ గ్లాసు చేతికిచ్చి వచ్చేశాను.

నీకు చెప్పేది ఇది. పరీక్షలవగానే శనివారం పాసింజరుకి రా. ఆదివారం పేపరు నువ్వే చదవాలి. ముందు ధాన్యం, చేపల రేట్లు, తర్వాత కొల్లేటి వార్తలు, చివర పోయినవాళ్ళ ఫొటోల కింద పేర్లు. వాక్యం చివర మింగెయ్యకు. నోరు తిరగని పేరు వస్తే దాటెయ్యకు, కూడబలుక్కుని చదువు.

ఆశీస్సులతో,
మీ నాయనమ్మ
వీరరాఘవమ్మ

తా.క. ఇది మీ అమ్మానాన్నలకు తప్ప ఎవరికీ తెలియదు. నాకు కోపం లేదమ్మా. జబ్బు నరాన్ని చుట్టుకుపోయింది, నరం కోసెయ్యక తప్పలేదు. నోరు తెరిస్తే గాలి వస్తోంది. అది ఆయన చెవికి చేరదు. మరో చికిత్సతో కొంత రావచ్చు గాని, క్లాసు గొంతు రాదన్నారు. మీ అమ్మ ఆయనతో చెప్పేస్తానంటే, వద్దని పలక మీద రాశాను. తన మాట విన్నందుకే నా గొంతు పోయిందని తెలిస్తే ఆయన అన్నం మానేస్తారు. కోపమనుకుంటే, ఎప్పటికైనా తగ్గుతుందని ఎదురుచూస్తారు. నువ్వూ చెప్పకు. పొద్దున్న పేపరు వేళకి ఇప్పటికీ కుర్చీ నా దగ్గరికి జరుపుకుంటారు. నేను మణికట్టు ఆయన చేతికిచ్చి, పేపరు విప్పి, పెదవులు కదుపుతూ మొత్తం చదువుతాను. రేట్లతో మొదలుపెట్టి.