సలీం పిలిచిన పేరు

1974 జులై, సోమవారం

పొద్దున షిఫ్టులో గని లోపల పంపు దగ్గర కరెంటు కొట్టి ఫిట్టర్ రాజయ్య పడిపోయాడు. స్విచ్చు తీసేశాక చూస్తే ఊపిరి లేదు. నోట్లో నోరు పెట్టి ఊదడం అందరం నేర్చుకున్నవాళ్లమే. అయినా ఆరుగురం నిలబడి చూస్తున్నాం. వాడు చస్తే నా మీదికొస్తుందని నా భయం. పైగా నా నోటినిండా జర్దా.

"మల్లన్నా, ఫస్టెయిడ్ పోటీల బొమ్మకు ఊది ప్రైజు కొట్టింది నువ్వే గద. ఏంది నిలవడ్డవ్?" అన్నాడు నా పక్కన నిలబడ్డ సలీం.

పేరు పెట్టి పిలిచేసరికి జర్దా ఉమ్మేసి వంగాను.

సాయంత్రం దవాఖానలో రాజయ్య నవ్వాడు. "అన్నా, నీ జర్దా ఘాటుకే లేచిన."

హాయిగా ఇంటికొచ్చాను. ఊది బతికించానని చెబితే, అన్నం పెడుతూ మా ఆవిడ, "ఎవలైనా గట్లనే చేస్తరు గద" అంది.

చారు ఇంకాస్త పొయ్యమన్నాను.