పెనుకొండ ఆటలో చౌడమ్మ కేక

ధర్మవరం,
14-2-1964, శుక్రవారం.

చిరంజీవి దేవప్పకు అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ బర్రే క్షేమం. హిందూపురం ఆస్పత్రిలో నీ కుడి మోకాలు తప్ప మిగతా దేహమంతా క్షేమమని తలుస్తాను. కార్డు రాస్తే పోస్టుమాను పోతులయ్య వీధంతా చదివి వినిపిస్తాడని కవరు కొన్నాను. అక్షరాలు కోడి గీకినట్టున్నాయని నవ్వకు.

నీ జతగాడు ఆశీర్వాదం వచ్చి అంతా చెప్పాడు. పెనుకొండ చెడుగుడులో కాలు మెలిపడి, మోకాటి లోపలి మెత్తటి ఎముక చినిగిందట. ఆ ముక్క మడతపడి కీలులో ఇరుక్కుందట. తీయకపోతే గట్టి ఎముకా అరిగిపోతుందట. వచ్చే బుధవారం బెంగళూరు డాక్టరు వచ్చి కోస్తాడంటే, నువ్వు సంతకం పెట్టనన్నావట. ఆట మధ్యలో మన కులదేవత చౌడమ్మ తల్లి 'ఒరే బుడ్డోడా, ఎనక్కి సూడ్రా' అని కేకేసిందనీ, తిరిగేసరికి మోకాలు పోయిందనీ, ఆ తల్లి ఆపిన కాలికి కత్తి తగలనీయననీ అన్నావట. ఆ పిలుపు మన ఇంట్లో తప్ప ఎవరికీ తెలియదు, నాయన పోయిన ఏడాది దాకా మా అమ్మ గడప దాటదు, ఇంక చౌడమ్మ కాక ఎవరని వాదించావట.

ఈ మాట ఊరంతా పాకింది. పక్కింటి వెంకటక్క వచ్చి, నీకేమే సిద్దమ్మా, చౌడమ్మ పలికే కొడుకును కన్నావు అని, మనవడి దగ్గుకు నువ్వు పడుకునే చోట మట్టి తీసుకుపోయింది. మన గడప మీద జనం కొట్టిన టెంకాయలతో మూడు రోజులుగా పచ్చడే తింటున్నాను.

తెగిన పోగు మగ్గంలో ఆడే నాడెకు అడ్డం పడితే తీసేస్తామా, దండం పెడతామా? కాలు ముడవకపోతే మగ్గం గుంటలోకి ఎట్లా దిగుతావు? మీ నాయన పోయి ఏడు నెలలు. ఆయన కూర్చున్న గుంటలో ఇప్పుడు పిల్లి పడుకుంటోంది. మగ్గం చప్పుడు లేక నాకు తెల్లారినట్టే ఉండదు. సంతకం పెట్టు నాయనా.

ఇట్లు,
నీ తల్లి సిద్దమ్మ.

మరిచిన మాట: మరవలేదు, రాయడానికి భయపడ్డాను. కేకేసింది నేనే. మీ నాయన చీరలు అమ్మబోతున్నానని నాకు చెప్పి, నీ ఆట ఒక్కటీ వదలకుండా చూసేవాడు. ఆయన లేకపోయాక ఇంటి మనిషి ఒక్కరైనా ఉండొద్దా అని దుప్పటి ముసుగేసుకుని రైలెక్కాను. నీ వెనక ఇద్దరు మీద పడబోతుంటే నోరు ఆగలేదు. నిన్ను మోసుకుపోతుంటే దగ్గరికి రాలేక ఆ దుప్పటిలోనే ఏడ్చాను. బుధవారం కోయించుకో. చౌడమ్మకు నేను చెప్పుకుంటాను, ఆమె క్షమిస్తుంది. వెంకటక్క క్షమించదు. చదవగానే చింపెయ్.